ఆలిస్ వాళ్ల నాన్న: డాక్టర్ మేసన్ కాగ్స్‌వెల్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

బధిరుల చదువు గురించి ఎవరు మాట్లాడినా థామస్ గాలాడెట్ పేరు వస్తుంది, లోరాన్ క్లేర్ పేరు వస్తుంది. రావాల్సిందే, అమెరికాలో శాశ్వతంగా నిలిచిన తొలి బధిరుల బడిని నడిపించింది వాళ్లే. కానీ ఒకరు అమెరికాలో, ఒకరు ఫ్రాన్స్‌లో ఉన్న ఆ ఇద్దరూ కలవడానికి కారణం ఒక ఆడపిల్ల తండ్రి. ఆయన గురించి తెలుగులో పెద్దగా ఎవరూ రాయలేదన్న బాధతో ఇది రాస్తున్నాను. వినికిడి లేని పిల్లలున్న అమ్మానాన్నలు నన్ను తరచూ అడిగే ప్రశ్నలే ఇక్కడ ఉన్నాయి.

డాక్టర్ కాగ్స్‌వెల్ ఎవరు?

పూర్తి పేరు మేసన్ ఫిచ్ కాగ్స్‌వెల్. 1761లో అమెరికాలోని కనెక్టికట్‌లో, కాంటర్‌బరీ అనే ఊళ్లో పుట్టారు. తండ్రి చర్చిలో పాస్టరు. యేల్ కాలేజీలో 1780లో చదువు పూర్తి చేశారు. వైద్యం నేర్చుకుని 1789లో హార్ట్‌ఫర్డ్ పట్నంలో స్థిరపడ్డారు. శస్త్రచికిత్సలో చెయ్యి తిరిగినవారని పేరు. మత్తుమందు అన్నది ఇంకా లేని ఆ రోజుల్లో 1803లో మెడలోని కెరోటిడ్ రక్తనాళానికి ముడి వేశారు. అమెరికాలో కంటిశుక్లం తీసిన తొలి వైద్యుల్లో ఒకరు. 1812 నుంచి పదేళ్లపాటు కనెక్టికట్ వైద్య సంఘానికి అధ్యక్షులు కూడా.

ఇంత పేరున్నా, సొంత కూతురి చెవి విషయంలో మాత్రం ఆ వైద్యం దేనికీ పనికిరాలేదు.

ఆలిస్‌కి ఏమైంది?

ఆయన ఐదుగురు పిల్లల్లో మూడోది ఆలిస్. 1805 ఆగస్టు 31న పుట్టింది. రెండో ఏట ఒంటిమీద మచ్చలు తేలే జ్వరం వచ్చింది. మెదడువాపు రకం జ్వరం అయివుంటుందని ఇప్పటి వైద్యులు అంటారు. పిల్ల బతికింది, వినికిడి పోయింది. అప్పటికి వచ్చిన నాలుగు మాటలూ మెల్లమెల్లగా జారిపోయాయి.

ఇది చాలామంది తప్పుగా అర్థం చేసుకునే చోటు. ‘మూగపిల్ల’ అని ఊరు పేరు పెడుతుంది గానీ ఆలిస్ గొంతుకు ఏ లోపమూ లేదు. విన్న మాటే నోటికి వస్తుంది. వినపడటం ఆగిపోతే, నేర్చిన మాట కూడా అడుగంటుతుంది. అందుకే నేను ‘చెవిటి, మూగ’ అని జంటగా అనను. ‘బధిరులు’ అంటాను, లేదా ‘వినికిడి లేని పిల్ల’ అంటాను.

బడి లేనప్పుడు ఆ పిల్ల ఇంట్లో ఎలా మాట్లాడేది?

సైగలతోనే. వినపడని పిల్ల ఉన్న ఏ ఇంట్లోనైనా ఎవరూ నేర్పకుండానే ఒక భాష మొలుస్తుంది. మా చిన్నాన్న కూతురికి పుట్టుకతోనే వినపడదు. వాళ్లింట్లో నాన్న అంటే మీసం మెలేయడం. నాయనమ్మ అంటే ముక్కుపుడక ఉండే చోట వేలు ఆనించడం. పెరుగు అంటే రెండు చేతుల మధ్య కవ్వం తిప్పడం, ఇంట్లో కవ్వం పోయి మిక్సీ వచ్చి ఎన్నేళ్లయినా. ఆ ఇంటి గడప దాటితే మాత్రం అది ఒక్కరికీ అర్థం కాదు. ఆ పిల్ల మొదటిసారి బడికి వెళ్లి ఏడ్చింది అమ్మ కోసం కాదు, దాహం అని చెప్పుకోలేక.

ఆలిస్ పరిస్థితీ అంతే. అక్కచెల్లెళ్లతో ఇంటి సైగలు నడిచేవి. 1814లో లిడియా హంట్లీ అనే యువతి హార్ట్‌ఫర్డ్‌లో చిన్న బాలికల బడి పెడితే, తండ్రి ఆలిస్‌ని కూడా అందులో చేర్పించారు. ఆ పంతులమ్మ పిల్ల సైగల్నే పట్టుకుని, వాటి మీద అక్షరాలు పేర్చింది. ఆలిస్ చిన్నచిన్న వాక్యాలు రాయడం నేర్చుకుంది. బధిర విద్య గురించి ఏ శిక్షణా లేని టీచరు, పిల్లని చూసి పద్ధతి తానే కట్టుకుంది. ఆమె తర్వాత పెళ్లై లిడియా సిగోర్నీగా అమెరికాలో పేరున్న కవయిత్రి అయింది. నాకైతే ఆమె ఈ పని వల్లే ఎక్కువ గుర్తుంటుంది.

డబ్బున్న డాక్టరే కదా, కూతుర్ని విదేశానికి పంపి చదివించొచ్చుగా?

ఆ కాలంలో డబ్బున్నవాళ్లకి ఉన్న దారి అదొక్కటే. స్కాట్లండ్‌లోని ఎడింబరోలో 1760లో థామస్ బ్రెయిడ్‌వుడ్ బధిర పిల్లల బడి పెట్టారు. బోస్టన్ వ్యాపారి ఫ్రాన్సిస్ గ్రీన్ తన కొడుకు చార్లెస్‌ని 1780లో అక్కడికే పంపారు. వర్జీనియాలోని బోలింగ్ కుటుంబం కూడా పిల్లల్ని అక్కడికే పంపింది.

కానీ ఓడలో వారాల తరబడి ప్రయాణం. ఎనిమిదేళ్ల పిల్ల. వినపడదు, ఉత్తరం రాయడం ఇంకా సరిగా రాదు. అవతలి ఒడ్డున దింపి వస్తే మళ్లీ చూసేది ఎన్నేళ్లకో. కాగ్స్‌వెల్‌కి మనసొప్పలేదు. మన దగ్గర ఇప్పటికీ ఐదారేళ్ల పిల్లని జిల్లా దాటించి బధిరుల హాస్టల్లో వదిలి, బస్సెక్కి కళ్లు తుడుచుకునే తల్లులు ఉన్నారు. వాళ్లకి ఆయన మనసు నేను వివరించి చెప్పక్కర్లేదు.

84 అన్న అంకె గురించి ఎందుకంత గొప్పగా చెబుతారు?

ఆయన కథకి ప్రాణం అదే అని నా నమ్మకం, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

పిల్లకి ఇలా జరిగినప్పుడు ఎవరైనా ముందు తన ఇంటి వైపే చూస్తారు. వైద్యం, మొక్కు, నాటువైద్యుడు, ఇంకో డాక్టరు. తప్పేమీ లేదు, నేనూ మా ఇంట్లో అదే చూశాను. కాగ్స్‌వెల్ మాత్రం ఒక మెట్టు దాటి ఆలోచించారు: మా ఆలిస్ లాంటి పిల్లలు ఈ రాష్ట్రంలో ఇంకెంతమంది ఉన్నారు?

ఆ రోజుల్లో ఈ లెక్క ఏ ప్రభుత్వ కచేరీలోనూ లేదు. ఊరూరా అందరి ఇళ్లూ తెలిసినవాళ్లు చర్చి పాస్టర్లు. పెళ్లికీ చావుకీ ప్రతి గడప తొక్కేది వాళ్లే. మనకి గ్రామ కరణం ఎలాగో అలాగ. కాగ్స్‌వెల్ కనెక్టికట్ పాస్టర్ల సంఘాన్ని పట్టుకుని, మీమీ ఊళ్లలో వినపడనివాళ్లు ఎందరో రాసి పంపమని కోరారు. 1812 నాటికి లెక్క తేలింది. ఒక్క కనెక్టికట్‌లోనే 84 మంది. ఆ లెక్కన కనెక్టికట్ ఉన్న ఈశాన్య రాష్ట్రాల ప్రాంతం న్యూ ఇంగ్లండ్ మొత్తం మీద 400 మంది, దేశమంతా కలిపితే 2,000 మంది ఉంటారని అంచనా కట్టారు.

ఆ అంకె చేతిలోకి రాగానే ఆయన అడిగే మాట మారిపోయింది. ‘మా అమ్మాయికి సాయం చేయండి’ అంటే జాలిపడి వెళ్లిపోతారు. ‘మన రాష్ట్రంలో 84 మంది ఉన్నారు, వాళ్లకి బడి కావాలి’ అంటే జవాబు చెప్పాల్సి వస్తుంది. పెద్దమనుషుల ముందు, తర్వాత శాసనసభ ముందు ఆయన పెట్టింది రెండో మాట.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. కొడుకుని ఎడింబరో పంపిన ఫ్రాన్సిస్ గ్రీన్ అంతకు దాదాపు పదేళ్ల ముందే మసాచుసెట్స్‌లో పాస్టర్లనే అడిగి ఇలాంటి లెక్క తీయించారు, బడి కావాలని పత్రికల్లో రాశారు. బడి చూడకుండానే 1809లో కన్నుమూశారు. ఆయన కొడుకు చార్లెస్ అంతకు ఎన్నో ఏళ్ల ముందే నీట మునిగి చనిపోయాడు. కొడుకు పోయాక కూడా ఊరి పిల్లల కోసం పాటుపడిన తండ్రి. ఆయన పేరు తలవకుండా కాగ్స్‌వెల్ గురించి చెబితే అది సగం కథే అవుతుంది.

గాలాడెట్ మట్టిలో ‘టోపీ’ అని రాసి నేర్పిన కథ నిజమేనా?

గాలాడెట్ ఇల్లూ కాగ్స్‌వెల్ ఇల్లూ ఇరుగుపొరుగు. 1814లో గాలాడెట్ పాస్టరు కావడానికి చదువుతూ ఇంటికి వచ్చారు. సన్నగా ఉండేవారు, ఆరోగ్యం అంతంతమాత్రం. పెరట్లో పిల్లలందరూ ఆడుకుంటుంటే ఒక పిల్ల విడిగా ఉండటం గమనించారు. దగ్గరికి వెళ్లి తన టోపీ చూపించారు. ఆ పదంలోని మూడు ఇంగ్లీషు అక్షరాలు రాశారు. మళ్లీ టోపీ, మళ్లీ అక్షరాలు. పిల్లకి అర్థమైంది.

కర్రపుల్లతో మట్టిలో రాశారన్నది తరతరాలుగా చెప్పుకుంటూ వస్తున్న తీరు. పుల్ల సంగతి ఎలా ఉన్నా, ఆయన ఆ పిల్లకి ఆ పదం నేర్పడం అందరూ చెప్పే మాట. తండ్రి ఆ సాయంత్రాన్ని వృథాగా పోనివ్వలేదు. పారిస్ బధిరుల బడి పెద్ద అయిన ఫాదర్ సీకార్ రాసిన ఫ్రెంచి పుస్తకం అప్పటికే తెప్పించుకుని ఉంచారు. దాన్ని ఆ కుర్రాడి చేతిలో పెట్టారు.

యూరప్‌కి గాలాడెట్టే ఎందుకు వెళ్లారు?

1815 ఏప్రిల్‌లో కాగ్స్‌వెల్ తన ఇంట్లో ఊరి పెద్దల్ని కూర్చోబెట్టారు. పిల్లని అక్కడికి పంపడం కాదు, అక్కడి విద్యని ఇక్కడికి తెద్దాం అన్నది ఆలోచన. ఖర్చులకి చందాలు వేసుకున్నారు. వెళ్లడానికి గాలాడెట్ ఒప్పుకుని మే నెలలో ఓడెక్కారు.

బ్రిటన్‌లో ఆయనకి తలుపులు తెరుచుకోలేదు. బ్రెయిడ్‌వుడ్ కుటుంబం తమ పద్ధతిని దుకాణం గుట్టులా దాచుకుంది. లండన్ బడిలోనేమో, నేర్చుకోవాలంటే మూడేళ్లు ఇక్కడే ఉండి పనిచేయాలన్నారు. ఎడింబరోలో చెబుతామన్నా చెప్పలేని పరిస్థితి. అక్కడి టీచరు ఈ విద్య బయటివాళ్లకి నేర్పనని బ్రెయిడ్‌వుడ్‌లకి ముందే పత్రం రాసిచ్చి ఉన్నారు. పిల్లలకి మాట నేర్పే విద్యని తాళం వేసి అమ్ముకోవడం నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

అయితే అదే లండన్‌లో ఫాదర్ సీకార్ కనిపించారు. నెపోలియన్ మళ్లీ ఫ్రాన్స్‌ గద్దెనెక్కడంతో ఆయన ఇంగ్లండ్ వచ్చి ఉన్నారు. వెంట ఇద్దరు బధిర శిష్యులు, జాన్ మాస్యూ, లోరాన్ క్లేర్. సభలో జనం అడిగే ప్రశ్నలకి వాళ్లు నల్లబల్ల మీద జవాబులు రాస్తుంటే గాలాడెట్ చూశారు. సీకార్ ఏ షరతూ పెట్టకుండా పారిస్ రమ్మన్నారు.

క్లేర్ అమెరికా రావడానికి ఎలా ఒప్పుకున్నారు?

గాలాడెట్ 1816 వసంతంలో పారిస్ చేరారు. క్లేర్ దగ్గర పాఠాలు మొదలయ్యాయి. కొన్ని వారాలకే చేతిలో డబ్బు అయిపోవచ్చింది, నేర్చుకోవాల్సింది కొండంత ఉంది. మీరే మాతో రండి అని క్లేర్‌ని అడిగారు. అప్పటికి క్లేర్‌కి 30 ఏళ్లు. ఏడాది వయసులో నిప్పుల్లో పడటంతో కుడి చెంప మీద మచ్చ మిగిలింది. సంజ్ఞల్లో ఆయన పేరు కూడా ఆ మచ్చే, రెండు వేళ్లతో చెంప మీద చిన్నగా రాసినట్టు. మూడేళ్లకని ఒప్పందం రాసుకుని బయల్దేరిన మనిషి జీవితమంతా అమెరికాలోనే గడిపి, 1869లో హార్ట్‌ఫర్డ్‌లోనే కన్నుమూశారు.

ఓడ ప్రయాణం 52 రోజులు పట్టింది. దారి పొడవునా క్లేర్ సంజ్ఞలు నేర్పారు, గాలాడెట్ ఇంగ్లీషు నేర్పారు. 1816 ఆగస్టు 22న హార్ట్‌ఫర్డ్‌లో కాగ్స్‌వెల్ ఇంటి ముందు దిగేసరికి డాక్టరు ఇంట్లో లేరు, ఆలిస్ బడిలో ఉంది. పిల్లకి కబురు పంపారు. వచ్చింది. పదకొండేళ్లు నిండబోతున్న ఆ అమ్మాయి, తనలాగే వినపడని ఒక పెద్దమనిషి చదువుకుని, దొరలా బట్టలు వేసుకుని, తన వైపు తిరిగి చేతులతో మాట్లాడటం చూసింది. ఇద్దరూ సంజ్ఞలతో మాట్లాడుకున్నామనీ, ఒకరి మాట ఒకరికి బాగానే అర్థమైందనీ, అంత తెలివైన ముఖం అరుదుగా చూశాననీ క్లేర్ తర్వాత రాసుకున్నారు.

ఆ క్షణంలో ఆ తండ్రి గదిలో ఉండి ఉంటే ఎలా ఉండేదా అని నేను చాలాసార్లు ఊహించుకున్నాను. వినపడని పిల్లల తల్లిదండ్రులకి నిద్ర పట్టనివ్వని ప్రశ్న ఒకటే: పెద్దయ్యాక ఏమవుతుంది? దానికి జవాబు నడిచి ఇంట్లోకి వచ్చింది.

బడికి డబ్బు ఎక్కడిది?

1816 అక్టోబరులో కనెక్టికట్ శాసనసభ 5,000 డాలర్లు ఇచ్చింది. మిగిలింది ఊరూరా తిరిగి పోగుచేశారు. బోస్టన్, న్యూయార్క్, ఫిలడెల్ఫియా లాంటి చోట్ల క్లేర్ సభల ముందు నిలబడి ప్రశ్నలకి రాతపూర్వకంగా జవాబులు చెబుతుంటే జనం జేబులు తీశారు. ఆ జేబులు విప్పించింది గాలాడెట్ ప్రసంగాలకన్నా క్లేర్ చేతిలోని సుద్దముక్కే అని నా అభిప్రాయం. అన్నీ కలిపి దాదాపు 17 వేల డాలర్లు అయ్యాయి. 1819లో అమెరికా కాంగ్రెస్ అలబామాలో 23,000 ఎకరాలు ఇచ్చింది, ఆ భూమి అమ్మిన సొమ్ముతో బడి నిలదొక్కుకుంది.

మొదటి రోజు బడిలో ఎవరెవరున్నారు?

1817 ఏప్రిల్ 15. సొంత భవనం లేదు, హార్ట్‌ఫర్డ్‌లో ఒక హోటల్లో అద్దె గదులు. ఏడుగురు విద్యార్థులు. రిజిస్టరులో మొదటి పేరు ఆలిస్ కాగ్స్‌వెల్. ఆ తొలి జట్టులోనే జాన్ బ్రూస్టర్ అనే చిత్రకారుడు కూడా చేరారు. అప్పటికే ఆయన బొమ్మలకి గిరాకీ ఉంది. వయసు 51. పిల్లల పక్కన బల్ల మీద కూర్చుని భాష నేర్చుకున్నారు. వయసు మీరిందని బధిరులైన అన్నయ్యనో మేనమామనో వదిలేసినవాళ్లకి నేను ఈయన సంగతే చెబుతాను. కొద్దికాలానికే సోఫియా ఫౌలర్ అనే యువతి అక్కతో కలిసి చేరింది. 1821లో గాలాడెట్ ఆమెనే పెళ్లి చేసుకున్నారు.

అమెరికాలో ఇదే మొదటి బధిరుల బడా?

శాశ్వతంగా నిలిచిన వాటిలో మొదటిది. అంతకు ముందు 1815లో వర్జీనియాలో కల్నల్ విలియం బోలింగ్ తన పిల్లల కోసం ఒక బడి పెట్టించారు. బ్రెయిడ్‌వుడ్ మనవడు జాన్ పాఠాలు చెప్పారు. ఏడాదిన్నర అయినా గడవకుండానే మూతపడింది.

దానికి ‘అసైలం’ అని పేరు పెట్టారట, అవమానం కాదా?

ఇప్పుడు వింటే అలాగే అనిపిస్తుంది. ఆ కాలంలో ఆ మాటకి ఆశ్రయం అని అర్థం. అయినా ఆ పేరు మార్చినందుకు నేను సంతోషిస్తాను. ఆశ్రయం వేరు, చదువు వేరు. ఇప్పుడు దాని పేరు అమెరికన్ స్కూల్ ఫర్ ద డెఫ్, 1921 నుంచి పక్కనే ఉన్న వెస్ట్ హార్ట్‌ఫర్డ్‌లో నడుస్తోంది.

అక్కడి సంజ్ఞలు మనవాళ్లకి అర్థమవుతాయా?

అవ్వవు. క్లేర్ తెచ్చిన ఫ్రెంచి సంజ్ఞలు, పిల్లలు తమ ఇళ్ల నుంచి తెచ్చుకున్న సైగలు, మసాచుసెట్స్ తీరంలోని మార్తాస్ వైన్‌యార్డ్ దీవిలో తరతరాలుగా నడిచిన సంజ్ఞలు ఆ బడి ఆవరణలో కలిసి అమెరికన్ సంజ్ఞా భాష అయింది. అందుకే అది ఫ్రెంచి సంజ్ఞా భాషకి దగ్గర, బ్రిటిష్ దానికి దూరం. మన భారతీయ సంజ్ఞా భాష వేరే. అక్షరాలు వేళ్లతో చూపించడంలోనే తేడా తెలిసిపోతుంది. అమెరికన్లు ఒంటి చేత్తో చూపిస్తారు, మనవాళ్లు ఇంగ్లీషు అక్షరాల్ని బ్రిటిష్‌వాళ్లలా రెండు చేతులతో చూపిస్తారు. మన భాష కోసం ఢిల్లీలో 2015లో కేంద్ర ప్రభుత్వం పరిశోధన, శిక్షణ సంస్థ పెట్టింది. నేర్చుకోదలచిన తెలుగువాళ్లు అమెరికన్ వీడియోలు కాకుండా మన సంజ్ఞలవే చూడండి.

సైగలు అలవాటైతే పిల్లకి మాట రాదంటారు. కాగ్స్‌వెల్ ఏమనుకున్నారు?

ఆయన ముందు రెండు దారులు ఉన్నాయి. బ్రిటన్‌లో మాట్లాడించడానికి మొగ్గు, పారిస్‌లో సంజ్ఞలకి. గాలాడెట్ ముందుగా తలుపు తట్టింది బ్రిటన్‌లోనే. అక్కడ దొరకలేదు, పారిస్‌లో దొరికింది. చరిత్ర అలా తిరిగింది.

మా ఇంటి సంగతి చెబుతాను. మా చెల్లి చదివిన ఒక బడిలో చేతులు కదపకూడదని పిల్లల చేతులు వెనక్కి కట్టించుకునేవారు. పెదాలు చూసి పలకమనేవారు. ‘పాప’, ‘బాబ’, ‘మామ’, మూడింటికీ పెదాలు ఒకేలా కలుస్తాయి. అద్దం ముందు నిలబడి చూడండి, మీకే తెలుస్తుంది. ఆ పిల్ల ఎన్ని దెబ్బలు తిన్నదో. ఇప్పుడు ఆరోగ్యశ్రీలో కాక్లియర్ ఇంప్లాంట్, అంటే చెవి లోపల ఆపరేషన్‌తో అమర్చే వినికిడి పరికరం, పెడుతున్నారు. చిన్న వయసులోనే చేసి, తర్వాత శిక్షణ మానకుండా ఇప్పిస్తే చాలామందికి మేలు జరుగుతోంది. చేయించుకోండి. కానీ పిల్లకి భాష అందకుండా గడిచే ఏళ్లు తిరిగి రావు. సంజ్ఞలు నేర్పండి, మాటా నేర్పండి, ఒకదాని కోసం ఒకటి ఆపకండి.

ఇదంతా వినపడేవాళ్లు బధిరుల్ని ఉద్ధరించిన కథ కాదా?

ఈ ప్రశ్న బధిర మిత్రులే అడిగారు. సరైన ప్రశ్న. క్లేర్ లేకపోతే ఆ బడికి భాషే లేదు. ఆయనా, ఆయన దగ్గర చదివిన బధిర ఉపాధ్యాయులూ ఈ విద్యని దేశమంతా తీసుకెళ్లారు. కాగ్స్‌వెల్ పాఠం చెప్పలేదు, సంజ్ఞా భాషని తయారుచేయలేదు. లెక్క తీయించారు, మనుషుల్ని కూడగట్టారు, తర్వాత తప్పుకుని దారి ఇచ్చారు. తండ్రి చేయగలిగింది అదే, ఆయన దాన్ని బాగా చేశారు.

చివరికి ఆ తండ్రీకూతుళ్లు ఏమయ్యారు?

ఆలిస్ 1824 దాకా బడిలో ఉంది. పాఠాలు, నాట్యం, సరదాగా ఇతరుల్ని అనుకరించడం, అన్నిటా చురుకే. 1830 డిసెంబరులో డాక్టరు ఊపిరితిత్తులకి జబ్బు చేసి పోయారు. ఆలిస్ ఆ దుఃఖం తట్టుకోలేకపోయింది. అదే నెల 30న ఆమె కూడా వెళ్లిపోయింది. 25 ఏళ్లు.

హార్ట్‌ఫర్డ్ వెళ్తే చూడటానికి ఏమైనా ఉందా?

ఇన్సూరెన్స్ కంపెనీల్లో ఉద్యోగాలు చేస్తూ ఆ చుట్టుపక్కల ఉంటున్న తెలుగు కుటుంబాలు చాలానే. వాళ్లు రోజూ కారులో వెళ్లే అసైలం అవెన్యూకి ఆ పేరు వచ్చింది ఈ బడి వల్లే. ఆ రోడ్డు ఫార్మింగ్‌టన్ అవెన్యూతో కలిసే చోట 1953లో పెట్టిన విగ్రహం ఉంది. రెండు పెద్ద చేతుల మధ్య నిలబడ్డ చిన్నపిల్ల, ఆలిస్. ఆ చేతులు చూపిస్తున్న సంజ్ఞకి ‘వెలుగు’ అని అర్థం. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు వెనక సీట్లో ఉన్న పిల్లలకి చూపించండి. ఆ చేతుల్ని వాళ్ల చేతులతో పట్టి చూడమనండి.